లేని ఇంటికి జప్తు

బెల్లం వ్యాపారంలో ఒక నియమం ఉంది. దిమ్మని గోటితో గీరి, చిన్న ముక్క విరిచి నాలిక మీద వేసుకున్నాకే ధర చెప్పాలి. అనకాపల్లి యార్డులో ఇరవై రెండేళ్లుగా కమీషన్ వ్యాపారం చేస్తున్న గౌరునాయుడు ఈ నియమాన్ని వంకాయలకీ, స్నేహాలకీ, పెళ్లి సంబంధాలకీ కూడా వాడి లాభపడ్డవాడు. ఒకనాడు బ్యాంకువాళ్లు తననే దిమ్మలా నిలబెట్టి గీరతారని మాత్రం అతను లెక్క వేసుకోలేదు.

ఆ ఇరవై రెండేళ్లలో అతనూ, భార్య నూకరత్నమూ ఏడు అద్దె ఇళ్లు మారారు. ఓ ఆదివారం కూర్చుని లెక్క తీశాడు. కట్టిన అద్దెలతో ఒక ఇంటికి గోడలు లేచేవి. సామాను మోయించిన లారీ కిరాయిలతో స్లాబు పడేది. విరిగిన బీరువా కాళ్లూ, పగిలిన జాడీలూ కలిపితే తలుపులకి రంగులు కూడా వచ్చేవి. అంటే ఒక ఇల్లు పూర్తిగా కట్టి, ఊళ్లోవాళ్లకి దానం చేశాడన్నమాట. అంతలో ఏడో ఇంటివాడు ఉగాదికి ఖాళీ చేయమన్నాడు.

"ఎనిమిదోది కూడా అద్దె కొంపే అయితే చెప్పీండి. లారీని మా పుట్టింటికి మాట్లాడుకుంటాను" అంది నూకరత్నం.

గౌరునాయుడు పరదేశి ఇంటికి బేరం పెట్టాడు. పరదేశి యార్డులో ముప్పై ఏళ్లు వేలంపాట పాడిన మనిషి. మోకాళ్లు అరిగి కిందటేడే మానేశాడు. బైపాసు పక్కన కొత్త ఇల్లు కట్టుకుని, గవరపాలెంలో పాతది అమ్మజూపుతున్నాడు. రెండు గదులు, వంటిల్లు, పెరట్లో బాదం చెట్టు. ధర నలభై రెండు లక్షలు. గౌరునాయుడు దగ్గర ఉన్నది పద్దెనిమిది. అందులో రెండు అడ్వాన్సుగా ఇచ్చి కాగితం రాసుకున్నాడు. ఉగాదిలోగా రిజిస్ట్రేషను కాకపోతే అడ్వాన్సూ పోతుంది, ఇల్లూ పోతుంది. మిగతా ఇరవై నాలుగు లక్షలకి శ్రీ గృహవల్లి బ్యాంకు మెట్లెక్కాడు.

మేనేజరు యజ్ఞేశ్వరరావు సన్నగా, పొడుగ్గా, అప్పుడే ఇస్త్రీ చేసిన కాగితంలా ఉంటాడు. సర్క్యులర్లు చదివి చదివి మామూలు మాట కూడా ఆ భాషలోనే వస్తుంది.

"తమరు దరఖాస్తు సమర్పించుట ముదావహం" అన్నాడు. "అయితే మొదటిసారి ఇల్లు కొనువారి విషయమున ప్రధాన కార్యాలయం వారు నిబంధనలు కించిత్తు బిగించియున్నారు."

"ఎంతవరకు బిగించారండి?"

"ఊపిరాడునంత వరకు." సర్క్యులరు తీసి కళ్లకద్దుకున్నంత పని చేశాడు. "రేపు వడ్డీ పెరిగినచో తమరు తట్టుకొనగలరా? సంపాదన ఆగినచో? జబ్బు చేసినచో?"

"తట్టుకుంటానండి."

"అందరూ అట్లే అందురు. తర్వాత చేతులెత్తుదురు. కావున నోటిమాట ఇకపై చెల్లదు. తమరు ముందుగా కష్టపడి చూపించవలెను. పిదప మేము రుణమిచ్చెదము. దీనిని కష్ట పూర్వాభ్యాసం అందురు."

"అంటే కష్టాలకి రిహార్సలా?"

"వాడుక భాషలో అంతే."

"మరి రెండో ఇల్లు కొనేవాళ్లకీ ఇదేనేటండి?"

"వారికి అక్కరలేదు. ఒక ఇల్లు ఉన్నవారికి కష్టమన్నది తెలిసియే యుండును."

మాటలో న్యాయం ఉన్నట్టే ఉంది. రంగు బాగుండి లోపల ఇసుక కలిసిన బెల్లం కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది. గౌరునాయుడు సంతకం పెట్టాడు.

మొదటి దశ వడ్డీ పెరగడం. ఇంకా తీసుకోని అప్పుకి నెలవారీ వాయిదా కడుతున్నట్టే లెక్కేసుకుని, మిగిలిన దాంతో ఇల్లు గడవాలి. ప్రతి సోమవారం పొద్దున్నే మేనేజరు ఫోను చేసేవాడు.

"నమస్కారం. వడ్డీ అర శాతం పెరిగినది. ధైర్యము వహించవలెను."

వెంటనే నూకరత్నం చారులోంచి ఒక టమాటా తీసేసేది. ఇంకో సోమవారం ఇంకో అర శాతం. కందిపప్పు సగమైంది. మూడో సోమవారానికి పోపులో ఆవాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నాలుగో వారం మేనేజరు చిన్న త్రాసు పట్టుకుని స్వయంగా తనిఖీకి వచ్చాడు. నూనె సీసా తూచాడు, చింతపండు తూచాడు, ఉప్పు డబ్బా మూత తీసి వాసన చూశాడు. మధ్యాహ్నం పన్నెండయింది. వచ్చిన మనిషికి అన్నం పెట్టకుండా పంపడం నూకరత్నం వంశంలో లేదు. ఆకు వేసింది.

మేనేజరు గరిటెతో పప్పు తిప్పి తిప్పి చూసి, "అమ్మా, ఇందులో పప్పు కానరాదు" అన్నాడు.

"ఈ వారం వడ్డీ పన్నెండున్నరండి. ఆ వడ్డీకి పప్పులో పప్పు ఉండదు. పదికి దిగమనండి, కనబడతాది."

అతను తిని, 'ఓర్పు: సంతృప్తికరం, రుచి: వర్తించదు' అని రాసుకుని వెళ్లాడు.

రెండో దశ సంపాదన ఆగడం. పదిహేను రోజులు గౌరునాయుడు రూపాయి సంపాదించకూడదు. సీజను నడిమధ్య. బళ్లలో బెల్లం దిగుతోంది. అతను మాత్రం యార్డులో తన కొట్టు ముందు కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రైతులు వచ్చి తట్టి చూశారు.

"ఏటి నాయుడుగోరూ, పాటకి రారా?"

"నాకు సంపాదన పోయిందిరా."

"ఎప్పుడు పోనాది?"

"మొన్న సోమవారం నుంచి పదిహేను రోజులకి పోయింది."

సాయంత్రానికి గౌరునాయుడు దివాలా తీశాడని యార్డంతా తెలిసిపోయింది. మర్నాటికి, దివాలా కాదు, పిచ్చి అని తేలింది. మూడో రోజు నుంచి రైతులు సరుకు పక్క కొట్లో దింపుకున్నారు. ఆ పక్క కొట్టువాడు రోజూ టీ తాగేముందు బ్యాంకు ఉన్న దిక్కుకి ఓ దణ్ణం పెట్టేవాడు.

పదహారో రోజున గౌరునాయుడు బ్యాంకుకి వెళ్తే, మేనేజరు కళ్లజోడు తుడుచుకున్నాడు. "తమరి ఓర్పు ప్రశంసనీయం. అయితే ఒక చిన్న ఇబ్బంది. గత పక్షమున తమరి ఆదాయం సున్నా. ఆదాయం తగ్గినందున తమరి రుణార్హత ఇరవై నాలుగు నుండి పంతొమ్మిది లక్షలకు తగ్గినది."

"మీరే కదండీ సంపాదించొద్దన్నారు!"

"సత్యము. కానీ ఎందుకు తగ్గినదో వ్రాయుటకు ఫారములో గడి లేదు. ఎంత తగ్గినదో వ్రాయుటకు మాత్రమే కలదు."

గౌరునాయుడు ఇంటికొచ్చి, ఇది వదిలేద్దామన్నాడు. నష్టమొచ్చే సరుకుని ఎంత తొందరగా వదిలితే అంత లాభం అన్నాడు. నూకరత్నం వినలేదు.

"నెల్లాళ్లు పప్పు లేని పప్పు తిన్నాను. అది వృథా పోడానికి వీల్లేదు. తర్వాత దశేటో కనుక్కోండి."

తర్వాతది జబ్బు. ఇంట్లో ఒకరు వారం రోజులు మంచాన పడాలి. తనకి తీరిక లేదని నూకరత్నం ముందే చెప్పేసింది. గౌరునాయుడే దుప్పటి కప్పుకున్నాడు. జ్వరం లేకపోయినా, మేనేజరు రోజూ వచ్చి జ్వరం పట్టీలో తనే అంకెలు వేసేవాడు. ఆ సంగతి చోడవరంలో ఉన్న నూకరత్నం అక్కకి తెలిసింది. రెండు ఆటోల్లో పదకొండు మంది దిగారు. రిహార్సలని చెబితే, "అయ్యో, రిహార్సలే ఇంత ఘోరంగా ఉంటే అసలుది ఇంకెలాగుంటాదో" అని ఇంకో నాలుగు రోజులు ఉండిపోయారు. వచ్చిన పళ్లూ, బ్రెడ్డూ వచ్చినవాళ్లే తిన్నారు. కోడిమాంసం ఖర్చు పదకొండు వేలు తేలింది. మేనేజరు ఆ చీటీ చూసి ముగ్ధుడైపోయాడు.

"ఇంత యథార్థమైన వ్యాధిని మా శాఖ ఇంతవరకు ఎరుగదు" అన్నాడు.

అప్పటికి ఉగాది పది రోజుల్లో ఉంది. ఏడో ఇంటివాడు రోజూ వచ్చి, గోడల వైపు ప్రేమగా చూసి వెళ్తున్నాడు.

"ఇక ఒక్కటే దశ" అన్నాడు మేనేజరు. "జప్తు, వేలం. వాయిదాలు కట్టనిచో ఇల్లు వేలం వేయబడును. ఆ అవమానమును తమరు తట్టుకొనగలరో లేదో పరిశీలించవలెను."

"జప్తు చేయడానికి నాకు ఇల్లు లేదు కదండీ."

"ఉన్నచో అది పూర్వాభ్యాసం ఎట్లగును?"

సర్క్యులరు ప్రకారం వేలం ఆ ఇంటి ముందే జరగాలి. నోటీసు అంటించాలి. డప్పు వేయించాలి. నాటకంలా ఉండకూడదు, యథార్థంగా ఉండాలి. అసలు ఇంటి యజమాని అభ్యంతరం లేదని సంతకం పెట్టాలి. గౌరునాయుడు ఆ కాగితం పట్టుకుని పరదేశి దగ్గరికి వెళ్లాడు.

పరదేశి మోకాళ్లకి తైలం రాసుకుంటూ కాగితం అటూ ఇటూ తిప్పాడు. "నీకంటే ముందు ముగ్గురొచ్చారు బావా, ఈ ఇంటికి. ఒకడు మొదటి నెల్లోనే పప్పు లేక పారిపోనాడు. ఇంకొకడికి సంపాదన ఆగితే, పెళ్లాం ఆగనేదు. మూడోవాడు జబ్బు రిహార్సల్లో నిజంగానే మంచం పట్టీసినాడు. రెండేళ్లుగా ఇల్లు అలాగే పడుంది. ఇంతకీ ఈ ఏలం అయిపోతే నీకు అప్పు ఇచ్చేస్తారా?"

"ఇస్తారట."

"నా నలభై రెండూ నాకొచ్చేస్తాయి కదా?"

"పంతొమ్మిదే ఇస్తారట. మిగతా అయిదూ ఎక్కడో తేవాలి."

"తెస్తావులే. నువ్వు గట్టోడివి" అని పరదేశి సంతకం గీకేశాడు.

వేలానికి జనం కావాలని మేనేజరు అడిగితే, గౌరునాయుడు తనకి తెలిసిన జనాన్నే పిలిచాడు. మర్నాడు పాటలు అయిపోగానే బెల్లం యార్డు యార్డంతా, మెడలో తువ్వాళ్లతో, గోళ్లలో బెల్లంతో గవరపాలెం వచ్చేసింది. డప్పు మోగింది. గోడకి నోటీసు అంటించారు. నూకరత్నం పట్టుచీర కట్టుకుని వచ్చింది. అవమానపడడానికి పట్టుచీర ఏమిటని మేనేజరు అడిగితే, తన ఇల్లు నలుగురూ చూస్తున్నారు కదా అంది.

మేనేజరు స్టూలెక్కి కాగితం చదవడం మొదలెట్టాడు. "ఇందుమూలముగా యావన్మంది ప్రజానీకమునకు తెలియజేయునది ఏమనగా, దిగువ వివరించిన స్థిరాస్తి, ఎట్లున్నది అట్లే, ఎక్కడున్నది అక్కడే అను ప్రాతిపదికపై, ప్రారంభ ధర పది లక్షలుగా, ఉపనిబంధన మూడు బార్ రెండును అనుసరించి..."

యార్డు జనం ఆవలించారు. ఒకడు బీడీ ముట్టించాడు. ఇద్దరు బాదం కాయలు ఏరుకోసాగారు. ఉపనిబంధన అయిదు దగ్గరికి వచ్చేసరికి, అరుగు మీద కూర్చున్న పరదేశి మొహం ఎర్రబడింది. ముప్పై ఏళ్లు రోజుకి రెండు వేల దిమ్మల మీద పాట పాడినవాడు. పాటలో జనం ఆవలిస్తే అతనికి తన వంశాన్ని తిట్టినట్టుంటుంది.

"ఓలమ్మో, ఇదేం పాటయ్యా! పీనుగ ముందు పురాణంలాగా!" అని మోకాళ్లు మరిచిపోయి లేచాడు. "దిగండి కిందకి. దిగండి బాబూ. పాటంటే ఇలాగ కాదు."

మేనేజరుని భుజం పట్టి దించి, పరదేశి స్టూలెక్కాడు. తువ్వాలు తలకి చుట్టాడు. గొంతు సవరించాడు. ఏడాదిగా మూసి ఉంచిన గొంతు అది.

"పదీ పదీ పదీ! రండయ్యా రండి! తూర్పు వాకిలి! రెండు గదులు! ఎండాకాలం కూడా బావిలో నీళ్లు! గోడ కొట్టి చూడండి, మన బెల్లంలాగా మోసం నేదు! పదెవరు?"

"పది!" అన్నాడు వెనకనుంచి ఒక టోకు వర్తకుడు. అతనికి ఇల్లు అక్కర్లేదు. ఆ గొంతు వింటే చెయ్యి దానంతటదే లేస్తుంది.

"పది వచ్చీసింది! పన్నెండు! అదిగో పన్నెండు! పద్నాలుగు! ఎవడయ్యా అక్కడ నిద్దరోతున్నాడు, పదహారు!"

"పదహారు!" అన్నాడు ఇంకొకడు.

నూకరత్నం ఉలిక్కిపడింది. ఆ ఇంటి వంటింట్లో ఏ గూట్లో ఏ డబ్బా పెట్టాలో మూడు నెలలుగా అనుకుంటున్న మనిషి. "నా ఇల్లు పదహారుకి వాడికా?" అని చెయ్యెత్తింది. "పద్దెనిమిది!"

గౌరునాయుడు ఆమె చెయ్యి పట్టుకోబోయాడు. అంతలో లోపల లెక్క మొదలైంది. ఉన్నది పద్దెనిమిది. చెయ్యి వదిలేశాడు.

"ఇరవై!" అని కీచుమన్న గొంతు వినబడింది. అందరూ తిరిగి చూశారు. మేనేజరు యజ్ఞేశ్వరరావు కాలి వేళ్ల మీద నిలబడి వేలెత్తి ఉన్నాడు.

"బ్యాంకు తరఫునా అండి?" అన్నాడు గౌరునాయుడు.

"నా తరఫునే!" సర్క్యులరు భాష ఎటో ఎగిరిపోయింది. "పదిహేడేళ్లుగా అద్దె ఇల్లేనయ్యా నాది కూడా! నేనూ అప్పుకి పెట్టుకున్నా. రెండో దశలో ఉద్యోగం పోయినట్టు నటించమన్నారు. బాగా నటించానని ఇరవై రోజులు నిజంగానే సస్పెండు చేసి, ఆదాయం లేదని దరఖాస్తు కొట్టేశారు!"

"ఇరవై రెండు!" అంది నూకరత్నం. గౌరునాయుడి లెక్కలో అది ఆమె మెడలోని బంగారం.

"ఇరవై నాలుగు!"

"పాతిక!"

"పాతికన్నర!" అన్నాడు మేనేజరు. చెమట కారుతోంది.

"ఇరవై ఆరు!" అంది నూకరత్నం. మేనేజరు నోరు తెరిచి, ప్రావిడెంటు ఫండు గుర్తొచ్చి, మూసేశాడు.

పరదేశి కళ్లు సగం మూసుకుని ఉన్నాయి. పాటలో పూర్తిగా మునిగి ఉన్నాడు. ఎవరి సరుకు పాడుతున్నాడో అతనికి తెలీదు. "ఇరవై ఆరు ఒకటోసారి! ఇరవై ఆరు రెండోసారి! ఇంకెవరయ్యా? ఇరవై ఆరూ, మూడోసారి!" అని ప్రహరీ గోడ మీద అరచేత్తో ఫెడీమని కొట్టాడు.

డప్పు ఆగింది. బీడీ కూడా ఆగింది. పరదేశి చేతిని చూసుకున్నాడు. గోడని చూశాడు. ఆ గోడ ఎవరిదో అప్పుడు గుర్తొచ్చింది.

"రిహార్సలే కదా" అన్నాడు మెల్లిగా.

ఆ యార్డులో ఉత్తుత్తి పాటన్నది లేదు. ఒకప్పుడు ఒకాయన చెవి దురద పెట్టి వేలెత్తితే, అరవై దిమ్మలు అతని పేరున పడ్డాయి. మారుమాట లేకుండా డబ్బు కట్టి, తర్వాత చెవి డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆ అరవై దిమ్మలూ అతని మీద పాడినవాడు పరదేశే. 'మూడోసారి అన్నాక నా కన్నతండ్రి సరుకైనా తిరిగిరాదు' అని ఆనాడు అన్నదీ పరదేశే. ఆ చెవాయన ముందు వరసలోనే నిలబడి ఉన్నాడు. చెవి గోక్కున్నాడు.

పరదేశి స్టూలు దిగి అరుగు మీద కూలబడ్డాడు. మోకాళ్ల నొప్పి తిరిగొచ్చింది. గౌరునాయుడు పక్కన కూర్చున్నాడు.

"మా ఆవిడ వెర్రి ఉత్సాహంలో పాడేసింది. నువ్వు కాదంటే నేను వదిలేస్తాను బావా" అన్నాడు. వదిలేస్తానంటూనే పక్క గోడని గోటితో గీరి చూశాడు.

"నోరు ముయ్యి. పాటయ్యాక వదిలీడమేటి?" పరదేశి తల పట్టుకుని కాసేపు వేళ్లు మడిచాడు, విప్పాడు. "రెండేళ్లుగా నలభై రెండు నలభై రెండంటూ తిరిగేను. అది ఇంటి ధర కాదురా. బ్యాంకోడు ఇస్తాడు కదాని నా నోట్లోకొచ్చిన ధర. ఇటుకల ధర ఇయ్యాలే తెలిసింది. సరే, డబ్బెలాగిస్తావు?"

"చేతిలో పద్దెనిమిది, నీ దగ్గరున్న రెండుతో కలిపి. బంగారం నాలుగు. మిగతా నాలుగూ రెండు సీజన్లలో, యార్డు వడ్డీకి."

"ఫ్యాన్లు నావి."

"ఫ్యాన్లు పాటలో పోయాయి అన్నయ్యా" అంది నూకరత్నం.

"గడుసు పిల్లవే!" అని పరదేశి నవ్వేశాడు. యార్డు ఊపిరి పీల్చుకుంది. డప్పువాడు, తనకి డబ్బులు ఒక్క వేలానికే ఇచ్చినా, ఇంకో రెండు దరువులు ఊరికే వేశాడు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు రిజిస్ట్రేషను అయింది. ఆ సాయంత్రమే మేనేజరు సంచీలో ఫారం పెట్టుకుని వచ్చాడు. "'వేలం తర్వాత రుణగ్రహీత పరిస్థితి' అని గడి ఉన్నది. 'కుదేలైనాడు', 'కోలుకొనుచున్నాడు' అని రెండే ఉన్నవి. ఏది వ్రాయవలెను?"

"ఇల్లు కొన్నాడని రాయండి."

మేనేజరు అలాగే రాసి పంపాడు. ప్రధాన కార్యాలయంలో దాన్ని ఎవరు ఎలా చదివారో గానీ, రెండు వారాలకి ఓ పెద్ద పెట్టె వచ్చింది. 'బాకీ సున్నా, వేలములో వసూలు ఇరవై ఆరు లక్షలు. బ్యాంకు చరిత్రలో ఇట్టి వసూలు కానరాదు' అని ప్రశంసాపత్రం, దాంతోపాటు బోలెడు బంగారు రంగు పూసిన షీల్డు. యజ్ఞేశ్వరరావు ఆ రాత్రి షీల్డుని పక్కన పెట్టుకుని పడుకున్నాడు. మర్నాడు రెండో ఉత్తరం వచ్చింది. సదరు ఇరవై ఆరు లక్షలు ఇంకా ప్రధాన కార్యాలయమునకు చేరలేదు, కారణము తెలుపవలెను.

మనిషి కాగితంలా వణుకుతూ గౌరునాయుడి కొత్తింటికి పరిగెత్తుకొచ్చాడు. గౌరునాయుడు ఉత్తరం చదివి, పెదవి విరిచాడు.

"ఇందులో ఏముందండీ? వేలం రిహార్సలు కాబట్టి, వసూలు కూడా రిహార్సలేనని రాసీండి."

అదే రాశాడు. జవాబు వెంటనే వచ్చింది. వివరణ సంతృప్తికరం. వసూలు పూర్వాభ్యాసమైనందున షీల్డు కూడా పూర్వాభ్యాసముగానే భావించి, మూడు దినములలో తిప్పి పంపవలెను. పార్సిలు ఖర్చు మాత్రం యథార్థముగా మేనేజరే భరించవలెను.

నూకరత్నం పాత చీరముక్కలో షీల్డు చుట్టి ఇచ్చింది. పార్సిలు ఆఫీసులో నూట ఎనభై రూపాయలు తీసుకున్నారు. ఆ సంవత్సరం ఆ శాఖ గృహరుణాల వ్యవహారమంతటిలో చేతులు మారిన అసలు డబ్బు అదొక్కటే, అదీ యజ్ఞేశ్వరరావు జేబులోది.